నవనీత కుట్లు, నర్సింగమ్మ వేళ్లు

మా వాడకట్టులో ఆడవాళ్ల ఒళ్లు వాళ్ల మొగుళ్ల కంటే నాకే బాగా తెలుసు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నేను జాకెట్లు కుడతాను. చౌటుప్పల్ నుంచి ఆటో ఎక్కి లోపలికి వస్తే మా ఊరు. ఊళ్లో సగం ఇళ్లలో మగ్గాలే. ఆ మగ్గాల వాడ మొదట్లో నా కుట్టుమిషన్ ఉంటుంది. నా పేరు ఉష. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉంటే ఉండనీ, జాకెట్టు మాత్రం తిన్నగా కుడతాను.

నవనీత తెలంగాణ వచ్చిన ఏడాదే ఈ వాడలో మా పక్కింటికి కోడలిగా వచ్చింది. మొదటిసారి కొలతలివ్వడానికి వచ్చినప్పుడు తలుపు గడియ పెట్టమంది. పెట్టాను. టేపు తీశాను. అది ఛాతీ చుట్టూ తిరిగేలోపు ఆ పిల్ల గోడకు తగిలించిన క్యాలెండర్ వైపు మొహం తిప్పుకుంది.

"జర లూజుగ కుట్టు అక్కా," అంది.

"ఇంతకంటె లూజంటె జాకెట్టు గాదు, గోనె సంచి అయితది."

"అయితె గోనె సంచే కుట్టు," అని నవ్వింది. ఆమె నవ్వు మొదలుపెడితే ఆపడం చేతకాదు. నవ్వుతూనే చెప్పింది, ఎనిమిదో తరగతి నుంచి బడి సంచి వీపుకు కాకుండా ముందుకే తగిలించుకునేదట. ఆటల పీరియడ్‌లో రోజూ కడుపునొప్పి అనేదట. బోర్లా పడుకోవడం ఎలా ఉంటుందో మరిచేపోయిందట.

అలాంటి ఒళ్లు చూసి అదృష్టం అనేవాళ్లున్నారు. మగవాళ్లు అంటే సరే, వాళ్ల బుద్ధి మనకు తెలిసిందే. ఆడవాళ్లూ అంటారు, అప్పుడే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బరువు మోసేవాళ్ల భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడండి. లోపలి బట్ట పట్టీలు ఒరుసుకుని నవనీత రెండు భుజాల మీదా కాలువలు పడ్డాయి. నా వేలు అందులో దిగేది. ఎండాకాలం వస్తే రొమ్ముల కింద చర్మం ఒరిసిపోయి పచ్చిపుండయ్యేది. పౌడరు చల్లుకుని, చిన్న గుడ్డముక్క మడిచి పెట్టుకుని తిరిగేది.

దీనికి తోడు ఆ ఇంట్లో నేసేది ఆమె. భర్త సతీశ్ చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మంచివాడు, మాట తక్కువ. మగ్గం పని మాత్రం నేర్చుకోలేదు. ఆ మగ్గం అతని తల్లి నర్సింగమ్మది. చిన్న వయసులోనే భర్త పోతే, ఆ మగ్గం మీదే నేసి కొడుకును పెంచింది. చక్కెర జబ్బు వచ్చి చూపు మందగించాక మగ్గాన్ని కోడలికి అప్పజెప్పింది. నవనీతా నేతవాళ్ల ఇంటి పిల్లే. పట్టుపోగులకు ముందే ముడులు కట్టి రంగులద్దే చిటికి చీర నేస్తే, ఒక రంగు పక్క రంగులోకి వెంట్రుకంత కూడా జరగదు.

మాది గుంట మగ్గం. గుంతలోకి కాళ్లు దించి గట్టు మీద కూర్చోవాలి. నేసిన బట్ట చుట్టుకునే దుంగ ఒకటి ముందు అడ్డంగా ఉంటుంది. దాని మీదికి వంగి చేతులు చాచి పని చేయాలి. నవనీత దుంగకు దగ్గరగా జరగలేకపోయేది. వెనక్కి కూర్చుంటే చేతులు అందవు. అందుకని మెడ ముందుకు సాచి, భుజాలు లాగి, వంకరగా నేసేది. రెండో కాన్పు తర్వాత బరువు ఇంకా పెరిగింది. మెడనొప్పి, వెన్నునొప్పి, ఆ తర్వాత వేళ్ల తిమ్మిరి. నేస్తుండగానే, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె చేతిలోంచి జారి గుంతలో పడేది. ఊళ్లో డాక్టరు పూతమందు ఇచ్చాడు. నల్లగొండలో ఇంకో డాక్టరు మెడకు పట్టీ పెట్టాడు. ఆ పట్టీ పెట్టుకుని నేస్తే తన కాళ్లే కాదు, నేసే చీర కూడా కనబడట్లేదని మళ్లీ నవ్వేది.

చివరికి హైదరాబాద్‌లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆమె మెడ చూడలేదు. భుజాల మీది కాలువలు చూసింది, రొమ్ముల కింద మచ్చలు చూసింది. "నీ మెడలో జబ్బేమీ లేదమ్మా. అది మోయలేని బరువు మోస్తోంది. ఆపరేషన్ చేసి రొమ్ములు తగ్గించవచ్చు" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నవనీత నా చెవిలో అంది, "అక్కా, గివి గుడ తగ్గిస్తరట." నవ్వబోయింది కానీ రాలేదు. చౌటుప్పల్ దాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఇంట్లో చెబితే రెండు రకాల గొడవ. సతీశ్‌కు కత్తి పేరు చెబితేనే భయం.

"మగ్గమే బంద్ చేద్దాం. గుంత పూడ్పిచ్చి పైన టైల్స్ ఏపిస్త. ముందర రూము కిరాయికన్న ఇయ్యొచ్చు. నువ్వు మంచిగుంటె చాలు," అన్నాడు.

నర్సింగమ్మ మంచం మీద నుంచే లేచింది. "గుంత పూడుస్తె నన్ను గుడ అండ్లనే పూడ్సు," అంది. అని కోడలి వైపు తిరిగి, "నీకేమైంది బిడ్డా, దేవుడిచ్చిన పెయ్యి కోపిచ్చుకుంటరా ఎవలన్న? మేము మొయ్యలేదా?" అంది.

మగ్గమూ ఉండాలి, కోడలి ఒళ్లూ ముట్టకూడదు. ఆమె లెక్క అది. నవనీత ఎవరితోనూ కొట్లాడలేదు. "మరి ఎట్ల నేద్దు అత్తమ్మా? చెయ్యి పనిచేస్తలేదు," అని ఒక్క మాట అంది.

నర్సింగమ్మకు చూపు లేకపోయినా చెవులు చురుకు. మంచం మీద పడుకుని మగ్గం చప్పుడు వింటూ ఉంటుంది. ఆ తర్వాత కొన్నాళ్లకే, ఒక పొద్దున చప్పుడు ఆగడం, నాడె గుంతలో పడడం, మళ్లీ మొదలవడం, మళ్లీ ఆగడం విన్నది. విని విని కొడుకును పిలిచింది. "తీస్కపో. చేపియ్యి," అంది. ఎందుకు మనసు మార్చుకుందో ఎవరూ అడగలేదు.

సతీశ్ ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. "ఆపరేషనైనంక మంచిగ నేస్తె సరే. లేకుంటె వానలు తగ్గినంక బాలయ్య మేస్త్రీని పిలుస్త. గుంత పూడుడే. మల్ల అప్పుడు ఎవ్వలు అడ్డం రావద్దు." అత్తాకోడళ్లు ఇద్దరూ సరేనన్నారు.

తొలకరి పడ్డాక ఆపరేషన్ అయింది. మూడో రోజుకే ఇంటికి తెచ్చాం. వాడలో ఏం చెప్పాలో ఎవరూ అనుకోలేదు. అడిగినవాళ్లకు నర్సింగమ్మే తోచింది చెప్పేసింది, రొమ్ముల గడ్డ ఉంటే తీశారని. పెద్ద తెలివైన పని చేశాననుకుంది.

ఆ సాయంత్రానికి వాడ మొత్తం ఏడుస్తూ వచ్చింది. గడ్డ అంటే అందరికీ ఒకటే అర్థం. ఎదురింటి సుగుణమ్మ బత్తాయి పండ్లు పట్టుకుని, గడపలోనే శోకం తీసింది. ఇంకొకామె పిల్లల తలలు నిమిరి నిట్టూర్చింది. నవనీత వెల్లకిలా దిండ్లకు ఆనుకుని, పెదవులు బిగబట్టుకుని పడుకుంది. ఏడుపు ఆపుకుంటోందని వాళ్లనుకున్నారు. నవ్వు ఆపుకుంటోంది. నవ్వితే కుట్లు గుంజుతున్నాయి.

"అక్కా, వీళ్లను పంపియ్యి. నవ్వస్తాంది, సస్తున్న," అని నా కొంగు లాగింది.

సుగుణమ్మ దగ్గరికొచ్చి, నవనీత బాగైతే యాదగిరిగుట్టకు వచ్చి తన తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. అరవై ఏళ్ల మనిషి, జడ ఇంకా నడుము దాకా ఉంటుంది. ఆ జడ పోతుందనేసరికి నవనీత ఉండలేకపోయింది.

"పెద్దమ్మా, గడ్డ గాదు. ఏం రోగం లేదు నాకు. బరువైతాందని తగ్గిపిచ్చుకున్న."

సుగుణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొంచెంసేపు ఆలోచించింది. మిగతా వాళ్లను బయటికి తోలి తలుపు దగ్గరికి వేసింది. మంచం పక్కన కూర్చుని, "ఆ డాక్టరమ్మ ఏ వారం కూసుంటది బిడ్డా?" అని మెల్లగా అడిగింది. ఆ తర్వాత నా మిషన్ దగ్గరికి వచ్చి, చుట్టూ చూసుకుని అదే మాట అడిగినవాళ్లు ఇంకొందరున్నారు. పేర్లు చెప్పను.

నేను నవనీతకు ముందు తెరుచుకునే జాకెట్లు కుట్టాను, నొక్కుడు గుండీలు పెట్టి. చేతులు పైకెత్తకూడదు కదా. నీళ్ల బిందె కాదు, చెంబు కూడా నిండుగా ఎత్తొద్దన్నారు. పగలూ రాత్రీ బిగుతుగా పట్టి ఉంచే లోపలి బట్ట వేసుకోవాలి, వెల్లకిలానే పడుకోవాలి. తల దువ్వడం, జడ వేయడం నర్సింగమ్మ పని. ఒళ్లు తుడిచి బట్ట మార్చడం కూడా ఆమే. ఆపరేషన్ వద్దన్న మనిషే, కోడలి మంచం వదిలి కదిలేది కాదు.

మొదట్లో నవనీత అద్దం ముందుకు పోలేదు. ఒకరోజు నన్ను తోడు పెట్టుకుని, జాకెట్టు విప్పి నిలబడింది. చనుమొన చుట్టూ ఒక గీత, అక్కడి నుంచి నిలువుగా కిందికి ఒకటి, రొమ్ము కింద మడతలో అడ్డంగా ఒకటి. మూడూ ఎర్రగా, ఉబ్బి ఉన్నాయి. చూస్తూ చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"గిట్లనే ఉంటయా అక్కా?"

"ఏడాది పోతె తెల్లబడ్తయని డాక్టరమ్మ చెప్పింది గద. ఎవలికి జూపిస్తవు?"

ఆమె ముక్కు తుడుచుకుని తల వంచి కిందికి చూసింది. అలాగే ఉండిపోయింది. కళ్లు తిరిగాయేమోనని నేను పట్టుకున్నాను. "ఆగు అక్కా. నా పాదాలు కనబడ్తున్నయి," అంది. కాలి వేళ్లు కదిపి చూసుకుని ఇద్దరమూ నవ్వాం. కుట్లు గుంజినా ఆపలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు నర్సింగమ్మ చేసిన పని చెప్పాలి. దానికి ముందు ఈ నేతవాళ్లకున్న రోగం చెప్పాలి. వీళ్లకు ఎక్కడైనా పోగు కొస కనబడితే చేతులు ఊరుకోవు. మగ్గం మీద ఒక్క పోగు తెగితే చీర పాడు. అందుకని కొస దొరకగానే వేలు తడి చేసుకోవడం, పురి పెట్టడం, లాగి చూడడం, అతకడం. పుట్టినప్పటి నుంచీ అదే పని. బస్సులో పక్కనామె కొంగున పోగు వేలాడితే దానికీ అదే గతి. నర్సింగమ్మ నా దగ్గర కూర్చుని కబుర్లు చెబుతూ, ఒకసారి ఎవరిదో లంగా అంచు కుట్టు మొత్తం లాగేసింది. కోపంతో నేను మిషన్ ఆపి లేచాను. ఆమెకు తాను లాగినట్టే తెలియదు.

నవనీతకు వేసినవి లోపలే కరిగిపోయే కుట్లు. అందులో ఒక ముడి కొస, నిలువు గీతా అడ్డగీతా కలిసేచోట, చర్మంలోంచి కొంచెం బయటికి వచ్చింది. అలా వస్తుందట, ముట్టుకోకుండా ఉంటే దానంతట అదే రాలిపోతుందట. ఒక మధ్యాహ్నం నవనీత కునుకు తీస్తుంటే నర్సింగమ్మ తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తోంది. వేలికి కొస తగిలింది. చూపు ఆననప్పుడు వేళ్లే కదా కళ్లు. ఆమె వేలు తడి చేసుకుంది, పురి పెట్టింది, అది ఎక్కడ తెగిందో తెలుసుకుందామని గట్టిగా లాగింది.

నవనీత అరుపు నా మిషన్ దాకా వినబడింది. నేను పరుగెత్తాను. గీతలు కలిసే మూల చింతగింజంత తెరుచుకుని నీరు కారుతోంది. నర్సింగమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. ఆమె రెండు వేళ్ల మధ్య చిన్న పోగు ముక్క.

"పోగనుకున్న బిడ్డా. తెగింది, అతుకుదామనుకున్న," అంటోంది. అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది.

నాకు నోటికొచ్చిందల్లా అనాలనిపించింది. ఆమె మొహం చూసి అనలేకపోయాను.

వెంటనే హైదరాబాద్ తీసుకుపోయాం. డాక్టరమ్మ దీపం కింద చూసి, "దీన్ని ఎవరు లాగారు?" అంది.

"నేనే మేడం. దురద పెట్టింది," అంది నవనీత. నేను నోరు తెరవబోతే నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఆ మచ్చ వారం రోజులుంది.

డాక్టరమ్మ బాగా కోప్పడింది. "ఆ మూలే అన్నిటికంటే నెమ్మదిగా మానుతుందమ్మా. మళ్లీ కుట్టు వెయ్యను. రోజూ శుభ్రం చేసి కట్టు కట్టుకోండి, లోపలి నుంచి అదే పూడుకుంటుంది. పసుపు, నూనె, ఆకుపసరు ఏవీ పెట్టొద్దు."

"మగ్గం మీద ఎప్పుడు కూర్చోవచ్చు మేడం?"

"అది మానేదాకా మగ్గం మాట నా దగ్గర ఎత్తకు."

తిరుగు బస్సులో నవనీత కిటికీ పక్కనే కూర్చుంది. ఎల్బీనగర్ దాటాక, కిటికీ మీద చినుకులు పడుతుంటే, "వానలు ఎప్పుడు తగ్గుతయి అక్కా?" అని అడిగింది. ఆ ఏడాది వానలు ఇంకొన్నాళ్లు పడాలని మొక్కుకున్నది మా వాడలో మేమిద్దరమే అయి ఉంటాం.

నర్సింగమ్మ ఆ రోజు నుంచి కోడలిని ముట్టుకోలేదు. తల కూడా దువ్వలేదు. రెండు చేతులూ కొంగులో దాచుకుని గోడకానుకుని కూర్చునేది. అన్నం పెడితే సగం వదిలేసేది. నవనీత ఎన్నిసార్లు పిలిచినా, "నా చెయ్యి మంచిది గాదు," అనేది. కట్టు మార్చడం నా వంతయింది. రోజూ షాపు తెరిచే ముందు పోయి, తిట్టుకుంటూ మార్చేదాన్ని. ఎవరిని తిడుతున్నానో నాకే తెలియదు.

ఒక ఉదయం పోయేసరికి గుమ్మం పక్కన ఇసుక కుప్ప పోసి ఉంది. సతీశ్ పోయించాడు. నేను అతని మీద విరుచుకుపడ్డాను.

"వానలింక తగ్గనే లేదు. నీకేం తొందరొచ్చింది?"

"నన్నేమన్న అను ఉషక్కా. కట్టు మార్చేటప్పుడు ఆమె పండ్లు బిగబట్టుకుంటది. నేను చూడలేను. మగ్గం లేకుంటె బతుకమా?" అన్నాడు. భార్య అంటే ప్రాణం ఉన్నవాడితో కొట్లాడడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది.

పుండు మానింది. నెమ్మదిగా, మొండిగా, అంచుల నుంచి కొద్దికొద్దిగా మానింది. డాక్టరమ్మ చూసి తల ఊపింది. ఇక మచ్చల పని మొదలుపెట్టమంది. పైన రాసుకోవడానికి జెల్ ఇచ్చింది. మచ్చల కింద గట్టిపడి, కండ లాక్కుపోయి ఉందని, చేయి ఎత్తినప్పుడు గుంజేది అదేనని చెప్పింది. వేళ్ల కొసలతో చిన్నచిన్నగా గుండ్రంగా తిప్పుతూ, పొద్దునా సాయంత్రం ఒత్తితే మెత్తబడుతుందట. ఆ గుంజుడు తగ్గితేనే మగ్గం.

మొదటి రోజు నేనే ఒత్తాను. నవనీత కళ్లు మూసుకుని ఓర్చుకుంది. రెండో రోజు ఓర్చుకోలేదు.

"అత్తమ్మా," అని గోడ వైపు పిలిచింది, "జర నువ్వే రా. ఉషక్క చపాతి పిండి పిసికినట్టు పిసుకుతాంది."

"నేను రాను బిడ్డా."

"రాకుంటె ఎట్ల? మచ్చ మెత్తబడకుంటె చెయ్యి సాగదు. చెయ్యి సాగకుంటె మగ్గం లేదు."

"నాకు కండ్లు గుడ కనబడవు."

"కండ్లతోని ఒత్తుతరా ఎవలన్న? వేళ్లు ఉన్నయి గద. కొసలు ఏం లేవు ఇగ, అన్ని కరిగిపోయినయి. ఎంత లాగినా నీకు పోగు దొరకది."

నర్సింగమ్మ ముక్కులోంచి ఒక చిన్న నవ్వు వచ్చింది, ఆపుకుంది. నేను చపాతి మాటకు కోపం తెచ్చుకుని పక్కకు జరిగాను. ఆమె వచ్చి కూర్చుంది. చేతులు సబ్బుతో కడిగించాను, మళ్లీ కడిగించాను. మొదట మచ్చ అంచు దగ్గరే ఆగాయి. కాసేపటికి వేళ్లు వాటి దారి పట్టాయి. నవనీత భుజాలు మెల్లగా కిందికి దిగాయి. నిద్రపోయింది కూడా.

అది మొదలు ఆ ఇల్లు మళ్లీ ఇల్లయింది. నర్సింగమ్మ రోజూ మచ్చలతో మాట్లాడేది. "ఈడ మెత్తబడ్డది. ఈ మూల ముండ ఇంక వింటలేదు," అని తిట్టేది. డాక్టరమ్మ చెయ్యి ఎంత సాపుగా ఉందో మెచ్చుకునేది. నావైపు తిరిగి, "నీ కుట్టు గింత సక్కగుండది," అనేది. జెల్ సాలదు, ఆముదం పెడదామని ఒకరోజు గిన్నె తెచ్చింది. ఆ గిన్నె నేను బయట పారబోశాను. ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు. నవనీత చేయి మాత్రం రోజుకు కొంచెం పైకి లేచింది. గోడకున్న క్యాలెండర్ తీసి, మళ్లీ తగిలించి చూపించేది.

అప్పటికి వానలు తగ్గిపోయాయి. నవనీతను మళ్లీ చూపించుకొచ్చాం. "కాసేపు కూర్చుని చూడు, గుంజితే లేచిపో," అంది డాక్టరమ్మ. సతీశ్‌కు ఆ వారం నైట్ డ్యూటీ. డాక్టరమ్మ మాట అతనికి ఇంకా చెప్పలేదు. కూర్చోకముందే చెప్పి, కూర్చోలేకపోతే ఎట్లా అని నవనీత భయం. తెల్లవారి డ్యూటీ దిగి వచ్చినవాడు ఒక్కడే రాలేదు. వెంట బాలయ్య మేస్త్రీ, పార, తాపీ.

నేను కొంగు బిగించి గడపకు అడ్డం నిలబడ్డాను. నవనీత నన్ను పక్కకు జరిపింది.

"బాలన్నా, జర కూసో. చాయ్ తాగు," అని చెప్పి లోపలికి పోయింది. సతీశ్ వైపు చూసి, "ఒక్క బెత్తెడు నేస్త. గుంజితె నేనే లేస్త. నేనే చెప్త పూడ్సుమని," అంది.

మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఎండాకాలం నుంచీ అలాగే ఉంది. నర్సింగమ్మ అప్పటికే దాని మీది బట్ట తీసి దుమ్ము దులుపుతోంది. నవనీత గుంతలోకి కాళ్లు దించింది. గట్టు మీద కూర్చుంది. ముందుకు జరిగింది, ఇంకొంచెం జరిగింది. కాలు తొక్కింది, నాడె విసిరింది. అది అటు పోయింది, ఇటు వచ్చింది. మళ్లీ పోయింది. చాలాకాలం నిలిచిపోయిన పడుగు కదా, అవతల ఒక పోగు పుటుక్కున తెగింది. అంతకుముందైతే లేచి అటువైపు తిరిగి పోయేది. ఇప్పుడు కూర్చున్నచోటే ముందుకు వంగి, చేయి పూర్తిగా చాచింది. మొహంలోకి చూశాను. కొంచెం చిట్లించింది, అంతే. కొస అందుకుని పురి పెట్టి అతికి, మళ్లీ తొక్కింది. చప్పుడు ఆగలేదు. నాడె పడలేదు.

నర్సింగమ్మ తల వంచి వింటోంది. విని విని గుంత గట్టు మీదికి పాకుతూ వచ్చి, కోడలి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తడుముకుంటూ చెయ్యి పెట్టింది, దుంగకూ కోడలి ఛాతీకీ మధ్యన. అరచేయి తిన్నగా లోపలికి దిగింది. అక్కడే ఉంచింది.

"తియ్యి అత్తమ్మా, అడ్డమైతాంది."

"జర ఉండని బిడ్డా." తర్వాత ఎవరితోనూ కాదన్నట్టు చెప్పింది. "నేను గుడ రొమ్ములు పాత చీర పేలికతోని కట్టుకునేది. పక్కటెముకలు నొచ్చేటట్టు గుంజి కట్టుకొని, అప్పుడు కూసునేది దీని మీద. సాయంత్రం ఇప్పితె తోలు ఊడొచ్చేది. వీని నాయిన పోయిన కాన్నుంచి, కండ్లు పోయేదాక గట్లనే నేసిన. మోసుడే ఉంటదనుకున్న. గిట్ల తగ్గుతదని నాకు ఎవ్వలు చెప్పలే బిడ్డా."

మగ్గం ఆగింది. నవనీత అత్త చేతిని రెండు చేతులతో పట్టుకుంది. సతీశ్ కంపెనీ డ్రెస్సులోనే ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మగ్గం చప్పుడులో పెరిగిన కొడుకు, అతనికి ఈ ముక్క తెలియదు. పక్కింట్లో ఇన్నేళ్లున్న నాకు తెలియదు. ఆమె కొలత నేనెప్పుడూ తీయలేదు, రవిక తానే చేత్తో కుట్టుకునేది. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. నవనీత అప్పటికే ఏడుస్తోంది.

సతీశ్ మెల్లగా బయటికి నడిచాడు. "పని లేదు బాలన్నా, ఇగ పో," అనడం వినబడింది.

నర్సింగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందున్న బట్ట మీద వేళ్లు వేసి తడిమింది. తడి తగిలింది.

"ఏడ్సుడు బంద్ చెయ్యిండ్రి ఇద్దరు," అంది కసురుతూ. "పట్టు మీద నీళ్లు పడితె మరకైతది. నెయ్యి బిడ్డా."